మేక ముట్టని ఆకు

నాకు నోటిదూల ఎక్కువ. ముప్ఫై ఒక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పిల్లలు లేని తరగతి గదిలా మిగిలాను కాబట్టి ఎక్కడ ఒక చెవి దొరికితే అక్కడ పాఠం మొదలుపెడతాను. జహీరాబాద్ ప్రయాణం చూడదగ్గ స్థలాల కోసం చేసింది కాదు. నా నోరు తెచ్చిపెట్టిన ప్రయాణం అది. ఆ దారిన వెళ్లేవాళ్లకు బస్సుల వివరాలు ఎలాగూ పనికొస్తాయి, మిగతాది కూడా పనికొస్తుందనే రాస్తున్నాను.

పోయిన ఏడాదంతా మా ఆవిడ సులోచనను హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రికి తిప్పాను. అక్కడ బుధవారాలు మా పక్క బెంచీ మీద నర్సమ్మ కూర్చునేది. ఝరాసంగం అవతల ఒక పల్లె వాళ్లది. ఊరి పేరు రాయను, ఆమెకు ఇష్టం ఉండదు. మనవరాలు స్వప్నకు ఏడేళ్లు, రక్తంలో క్యాన్సర్. తండ్రి బొంబాయి రోడ్డు మీద లారీ నడుపుతాడు. తల్లి నిండు నెలలతో మొగుడంపల్లిలో పుట్టింట ఉంది. అందుకని నాయనమ్మే పిల్లను తీసుకొచ్చేది. మా ఆవిడ వైద్యం ముగిసి ఇంటి పట్టున ఉన్నా, వాళ్ల బుధవారాలకు నేను ఫోన్ చేస్తూనే ఉండేవాణ్ణి. కుదిరితే వెళ్లి కాసేపు కూర్చునేవాణ్ణి.

ఒకరోజు పిల్ల సూది చూసి గుక్కపట్టి ఏడుస్తుంటే నర్సమ్మ అడిగింది. "సారూ, గా సూదిల ఏముంటది?"

అడగడమే ఆలస్యం. "మీ ఇంటి ముందు బిళ్ళగన్నేరు చెట్టు ఉందా? గులాబీ రంగు పూలు పూస్తుంది. దాని ఆకులోంచి తీసిన ఆల్కలాయిడ్ అమ్మా ఇది. విన్‌క్రిస్టిన్ అంటారు. భయం దేనికి, మీ వాకిట్లో ఉన్న మందే కదా" అన్నాను. ఆమె మొహం వెలిగింది. పిల్ల కూడా ఏడుపాపి నన్ను చూసింది. ఆ రోజు ఇంటికొచ్చి, భలే ధైర్యం చెప్పానని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను కూడా.

ఈ సెప్టెంబరులో వాళ్లు ఒక బుధవారం రాలేదు. వానలు కదా, బస్సు అంది ఉండదనుకున్నాను. మరుసటి బుధవారం పొద్దున్న ఐదూ నలభై ఐదుకు ఫోన్ చేశాను, బస్సెక్కారా అని.

"ఇయ్యాల సుత రాము సారూ. ఇగ రాం. గా సూదేస్తె పోరికి కాళ్లు తిమ్మిర్లెక్కి నడుస్తలేదు. మీరు చెప్పిన్రు గద, గదే ఆకు ఇంటికాడ ఇస్తున్న. తొమ్మిది దినాలాయె."

 

"పిల్ల ఎలా ఉందమ్మా?"

"తింటలేదు. కక్కుతున్నది. రాత్రి సంది జర ఒళ్లు కాలుతున్నది..."

లైను తెగింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. ఆ వార్డులో ఏడాది తిరిగినవాడిగా నాకు ఒకటే ముక్క బాగా తెలుసు. ఆ మందులు వాడే పిల్లకు జ్వరం వస్తే గంటలు కూడా లెక్కే. నర్సులు మా ఆవిడకు ప్రతిసారీ చెప్పి పంపేవారు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నాను. సులోచనే సరిచేసింది. తన మందుల డబ్బాలోంచి జ్వరం చూసే ధర్మామీటరు తీసి నా జేబులో వేసింది. "మీరు చెప్పిన పాఠం కదా, మీరే వెళ్లి చెరిపి రండి" అంది.

చందానగర్ నుంచి ఆటోలో పటాన్‌చెరు చేరేసరికి ఆరూ ముప్ఫై ఐదు. ఐదు నిమిషాల్లో జహీరాబాద్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. వెళ్లాలనుకునేవాళ్లు నగరం నడిబొడ్డుకు పోనక్కర్లేదు, జహీరాబాద్, బీదర్ బస్సులు ఇక్కడ ఆగుతాయి. నూరు కిలోమీటర్ల లోపు దారి, రోడ్డు నున్నగా ఉంటుంది. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు నిండా వాళ్లే. నాకు వెనక చక్రం మీద సీటు దొరికింది.

ముందు వార్డుకు ఫోన్ చేశాను. నర్సు అమ్మాయి గొంతు మారిపోయింది. "ఆకు వెంటనే ఆపేయమనండి సర్. ఇక్కడి దాకా ఆగొద్దు, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి తీసుకెళ్లమనండి" అంది. ఎవరికి చెప్పను? 108కి చేస్తే ఇల్లెక్కడ, అక్కడ మాట్లాడే మనిషి ఎవరు అని అడిగారు. నా దగ్గర ఒక ఊరి పేరూ, మూగబోయిన నంబరూ తప్ప ఏమీ లేవు. ఊళ్లోకి చేరగానే చేస్తానని పెట్టేశాను.

సంగారెడ్డి ఏడూ పది. బయట ఏం కనిపించిందో అడిగితే చెప్పలేను. నా కళ్లకు బిళ్ళగన్నేరు ఒక్కటే కనిపిస్తోంది. పాఠం చెప్పినప్పుడు సగమే చెప్పానని అప్పుడు గుర్తొచ్చింది. ఆ మొక్కలో ఒక్క ఆల్కలాయిడ్ కాదు, పదుల కొద్దీ ఉంటాయి. ఒకటి రక్తపోటును దించుతుంది, ఒకటి కడుపులో తిప్పుతుంది, మరొకటి నెత్తుట్లోని కణాలను చంపుతుంది. మందు చేసేవాళ్లు వాటన్నిటినీ విడదీసి, కావలసిన ఒక్కదాన్ని పిల్ల బరువును బట్టి కొలిచి ఇస్తారు. ఇవన్నీ నేను పరీక్ష పేపర్లో నాలుగు మార్కుల ప్రశ్నగా ఇచ్చినవే. నర్సమ్మకు మాత్రం వెలుగు కనిపించే ముక్క వరకే చెప్పి ఆపేశాను.

పక్క సీట్లో మొగుడంపల్లి వైపు ఆమె, ఒళ్లో టిఫిన్ డబ్బా. నా వాలకం చూసి అడిగింది. "ఏమైంది సారూ, గట్ల చెమటలు పడుతున్నయి?"

తెలిసినవాళ్ల పిల్లకు జ్వరమని, ఇంట్లో ఆకు మందు ఇచ్చారని చెప్పాను.

"ఆకుపసరేగా. ఏం ఫికర్ జెయ్యకున్రి. మా అత్త షుగరుకు దినాం ఐదు బిళ్ళగన్నేరాకులు నములుతది. ఆకు జేస్తె మేలు జేస్తది, లేకుంటె ఏం జెయ్యది" అంది.

ఊరూరా ఉన్న నమ్మకం అది. దాని మీదే నేను వెళ్లి నా చదువు ముద్ర వేసి వచ్చాను. మీ అత్తగారిని డాక్టరుకు చూపించి మానిపించమ్మా అని మెల్లగా చెప్పాను. సరేనంది కానీ డబ్బా మీద చేతులు పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది.

సదాశివపేటలో బస్సు చాయ్ కోసం పది నిమిషాలు ఆగింది. డ్రైవరు సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు. నా జన్మలో ఒక మనిషి చాయ్ తాగడం చూసి అంత కోపం రాలేదు. అతని తప్పేముంది, తెల్లవారుజామునే డ్యూటీ ఎక్కినట్టున్నాడు. నర్సమ్మ నంబరుకు ఆ పది నిమిషాల్లో పదకొండు సార్లు చేశాను. దేవుడికి దండం పెట్టే అలవాటు లేనివాణ్ణి, బస్సు కదిలినప్పుడు అద్దం మీది పటానికి దండం పెట్టాను.

జహీరాబాద్ బస్టాండు ఎనిమిదీ నలభై. బయట ఇడ్లీ, బోండా బళ్లు వరసగా ఉంటాయి, తినేవాళ్లకు బాగానే ఉంటాయి అనుకుంటాను. నేను నీళ్లు తాగి ఝరాసంగం ఆటోలు ఎక్కడని అడిగి పరుగెత్తాను. ముందున్న ఆటోలో నలుగురే ఉన్నారు. డ్రైవరు ఖదీర్ యాభై ఏళ్ల మనిషి, మెహెందీ గడ్డం. తీరిగ్గా అద్దం తుడుస్తున్నాడు.

"జర సబర్ సాబ్. పది మంది అయితెనె బండి కదుల్తది."

మిగతా సీట్లకు నేనే ఇస్తానన్నాను. "అంత తొందర ఏముంది సాబ్, గుడికా?" అన్నాడు. ఝరాసంగం వెళ్లే బయటివాళ్లు అక్కడి శివాలయానికే వెళ్తారు. గుడికి కాదు, ఏడేళ్ల పిల్ల జ్వరంతో ఉంది, ఆసుపత్రికి తేవాలి, ఆలస్యమైతే దక్కదు అన్నాను. ఆ చివరి మాట పైకి అన్నది అదే మొదటిసారి.

ఖదీర్ గుడ్డ పడేశాడు. "బచ్చీకి బుఖారా? ముందే చెప్పొద్దా సాబ్! కూసోండ్రి." బండి తీశాడు.

ఆ రోడ్డుకు రెండు వైపులా కంది, పత్తి, అక్కడక్కడ చెరకు. సాళ్ల మధ్య ఆడవాళ్లు వంగి కూర ఏరుతున్నారు. చల్లకుండా మొలిచే ఆకుకూరలు ఆ నేలల్లో లెక్కలేనన్ని, వాటిని చూపుతోనే పోల్చుకునే ఆడవాళ్లు ఇంటికొకరు ఉంటారు. ఆటోలో నా ఎదురుగా కూర్చున్న ముసలామె పొద్దున్నే జహీరాబాద్‌లో కూరాకు అమ్ముకుని వస్తోంది. తట్టలో ఇంకో రెండు పిడికెళ్లు మిగిలింది. భయం తట్టుకోలేక ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను, అదేం కూర అవ్వా అని.

"ఇది తుమ్మికూర, ఇది దొగ్గలికూర."

"ఏది తినొచ్చో ఏది తినకూడదో ఎలా తెలుస్తుంది?"

నవ్వింది. "మేకకు ఎర్కనే గద బిడ్డా. అది ముట్టనిది మనం ముట్టం."

"బిళ్ళగన్నేరు?"

"అవ్వో, అది తినెది గాదు. మేక వాసన జూసి ఇడిసిపెడ్తది. పూలకు పెట్టుకుంటం, అంతె."

నేను చదివిన పుస్తకాలన్నీ పక్కన పెడితే ఆ ముసలామె చెప్పింది సరిపోయేది. ఊళ్లో నర్సమ్మ ఇల్లు తెలుసా అన్నాను. "లారీ రాజు అవ్వనా? ఎరికె. నేను జూపిస్త" అంది. ఆమెది పక్క ఊరే. అంత భయంలోనూ అదొక్కటే నాకు చిక్కిన అదృష్టం.

ఝరాసంగం తొమ్మిదీ ముప్ఫై. అక్కడ ముగ్గురు దిగారు, ఖదీర్ కొత్తవాళ్లను ఎక్కించుకోలేదు. ఇంకో ఇరవై నిమిషాలు గతుకుల రోడ్డు. నర్సమ్మ ఇంటి ముందు దిగగానే మొదట కనిపించింది పిల్ల కాదు, మొక్క. కోసిన నూనె డబ్బాలో బిళ్ళగన్నేరు. ఒక్క ఆకు లేదు. ఒట్టి కొమ్మలు, కొసన గులాబీ రంగు పూలు. అన్ని ఆకులూ ఎక్కడికి పోయాయో నాకు తెలుసు.

లోపల నులక మంచం మీద స్వప్న పడుకుని ఉంది. నన్ను చూసి కళ్లు తెరిచింది, పలకలేదు. పెదాలు ఎండిపోయాయి. ధర్మామీటరు పెట్టాను. నూటా రెండు. నమ్మలేక ఖదీర్‌కు చూపించాను, అతనూ అదే చదివి నర్సమ్మ చేతిలో పెట్టాడు.

"ఎంత ఇచ్చారమ్మా?"

"పొద్దుగాల పరగడుపున గుప్పెడాకు నూరి తేనెల కలిపి." నర్సమ్మ నా మొహం చూసి గోడకు ఒరిగింది. "తప్పయిందా సారూ? సూదిల ఉన్నదీ డబ్బాల ఉన్నదీ ఒక్కటే గద? సూది లేకుంటనే రోగం పోతదేమో అనుకున్న. పోరి సూదికి ఏడుస్తె నాకు పానం నిల్వలే."

మేక కూడా ముట్టని ఆకట కదమ్మా అన్నాను. ఎందుకన్నానో. నా మీద పడాల్సిన కోపం ఆమె మీదకు మళ్లించే నీచపు ప్రయత్నం కావచ్చు.

"అది నాకు ఎర్క లేదా సారూ?" అంది నర్సమ్మ. "పుట్టి బుద్ధెరిగినప్పటి సంది ఎర్కనే. సదువుకున్నోరు మీరు చెప్పిన్రని ఇచ్చిన."

ఖదీర్ అప్పటికే పిల్లను దుప్పట్లో చుట్టి ఎత్తుకున్నాడు. "108 వచ్చేలోపు నేనే దింపుత సాబ్, కూసోండ్రి."

తిరుగుదారి గంట. ఆ గంట గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్ల తల నర్సమ్మ ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. పాదాలు వేడిగా ఉన్నంతసేపు భయం, కాస్త చల్లగా తగిలితే ఇంకా భయం. "స్వప్నా, నేనెవరు?" అని అడుగుతూ ఉన్నాను. రెండుసార్లు "సారు" అంది. మూడోసారి అనలేదు. ఖదీర్ హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

పదకొండుకు జహీరాబాద్ సర్కారు దవాఖాన. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆసుపత్రి ఫైలు చూడగానే పిల్లను లోపలికి తీసుకుని సెలైన్ పెట్టించింది. నర్సమ్మను అడిగింది. "ఇంట్లో పసరు, ఆకు మందు, ఏమైనా ఇచ్చారా?"

"ఏమియ్యలే డాక్టరమ్మా" అంది నర్సమ్మ. బల్ల కింద నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

ఆ పట్టు అర్థం నాకు తెలుసు. పసరు సంగతి దవాఖానలో చెప్పకూడదు. చెప్తే తిడతారు, వైద్యం చెయ్యం పొమ్మంటారు అని పల్లెల్లో అందరూ అనుకునేదే. నర్సమ్మ భయం అది. నా భయం వేరు. ఎవరు చెప్పారు అని అడిగితే? రిటైర్డు లెక్చరర్ని, బోటనీ. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆమె అబద్ధం నాకు కూడా చల్లటి నీడలా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

లోపల పిల్ల మూలిగింది.

"బిళ్ళగన్నేరు ఆకు డాక్టర్ గారూ. రోజూ గుప్పెడు, పచ్చిది, తొమ్మిది రోజులు. చెప్పింది నేనే" అన్నాను.

నర్సమ్మ చెయ్యి వదిలేసింది. డాక్టరమ్మ తిట్టలేదు. చేతి గడియారం చూసుకుని రాసుకుంది, చివరిసారి ఎప్పుడిచ్చారని అడిగింది, హైదరాబాద్ వార్డుకు ఫోన్ చేసి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. బీపీ ఇంకోసారి చూసింది, చాలా తక్కువ ఉంది. మందు మార్చింది. "మీరు చెప్పకపోతే జ్వరం ఒక్కటే చూసేవాళ్లం" అంది నాతో. "చెప్పారు కాబట్టి సరిపోయింది. ఇంకా ఏమీ అనలేను, ముందు హైదరాబాద్ చేరాలి."

ఖదీర్ అప్పటిదాకా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. డబ్బులివ్వబోతే జేబు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "బచ్చీ మంచిగయినంక, గుడికి రాండ్రి. అప్పుడు పది సీట్ల పైసలు తీస్కుంట" అన్నాడు.

పన్నెండూ ఇరవైకి అంబులెన్సు బయల్దేరింది. చదివేవాళ్లను ఊరించే అలవాటు నాకు లేదు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను. పిల్ల దక్కింది. ఐదో రోజుకు జ్వరం దిగింది. తిమ్మిర్ల సంగతి విని వార్డు డాక్టర్లు సూది మందు మోతాదు సవరించారు. నర్సమ్మ ఆ సంగతి మొదటే చెప్పి ఉంటే మొదటే సవరించేవారు. కానీ ఆ అంబులెన్సులో కూర్చున్నప్పుడు మాకు ఇవేవీ తెలియవు. సైరను మోత, సీసాలో ఊగే సెలైను, పిల్ల ఛాతీ పైకీ కిందికీ కదులుతోందా లేదా అని కళ్లు ఆర్పకుండా చూడటం, అంతే. పొద్దున్న వచ్చిన దారే. ఈసారి కూడా కిటికీలోంచి ఏమీ చూడలేదు.

సదాశివపేట దాటాక నర్సమ్మ అడిగింది.

"సారూ, అబద్ధం చెప్పకున్రి. గా సూదిల మందు నిజంగ గా ఆకుదేనా?"

"ఆకుదే అమ్మా."

"మరి?"

నాకు పాఠం చెప్పాలనిపించలేదు. మొదటిసారి, ఎంత కావాలో అంతే చెప్పాను. బండ్ల కొద్దీ ఆకు తెచ్చినా దాంట్లోంచి ఆ మందు చిటికెడు రాదని. ఆ ఒక్కటీ తీయడానికి ఎన్నో నెలలు పడుతుందని. మిగిలినవన్నీ ఒంటికి చెరుపు చేసేవని, అందుకే మేక ముట్టదని. తీసిన చిటికెడు కూడా విషమే, పిల్ల బరువు చూసి, నెత్తురు పరీక్ష చూసి, చుక్క లెక్కన నరంలోకి ఇస్తేనే మందు అని. పొట్టలోకి పోతే అది చేయాల్సిన పని చేయదు, మిగతావి మాత్రం వాటి పని అవి చేస్తాయని.

నర్సమ్మ అంతా విన్నది. పిల్ల నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది. నా ధర్మామీటరు ఆమె పిడికిట్లోనే ఉంది, నేను అడగలేదు. పటాన్‌చెరు వచ్చింది, పొద్దున్న నేను బస్సెక్కిన చోటు. అప్పుడు నా వైపు తిరిగింది. ఆమె కళ్లలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"గింతే గద సారూ. గా దినమే గిదంత చెప్పొద్దా?"